ఇతరములు

రాత్రి రెండున్నరకి రేడియో తొమ్మిదో నంబరులో
ఎవరో పిలిచారు.
విరిగిన స్పానిష్‌లో, పళ్ళు కొట్టుకుంటూ:
"పెనవ్రే రేవులో ఏమేం సౌకర్యాలున్నాయి?"

బయట వాన గలీసియా రాళ్ళని తోముతోంది.
కాఫీ గ్లాసు పక్కన పెట్టి
గోడ మీది బోర్డు చూడకుండానే చెప్పాను.

లోతు, పాటులో రెండు మీటర్ల నలభై.
డీజిల్ ఉంది. తాళం షుర్షో దగ్గరుంది,
షుర్షో నిద్రలో ఉన్నాడు.
మంచినీళ్ళున్నాయి, మూడో కొళాయి మాత్రం తిప్పకండి,
దాని గొంతు పోయి ఆరేళ్ళయింది.
క్రేను మూడు టన్నులు ఎత్తుతుంది, గాలి ఒప్పుకున్న రోజున.
స్నానానికి ఒక యూరో, నాలుగు నిమిషాల వేడినీళ్ళు,
మూడో నిమిషానికల్లా సబ్బు కడిగేసుకోండి,
ఆ మీటరుకి మొహమాటం లేదు.
ఐసు ఉంది.
పడవలు తగ్గినా ఐసు మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

కాసేపు గరగర.
"మరమ్మతులు?"
ఏం చిరిగింది అన్నాను. తెరచాప అన్నాడు.
తెరచాపలు కుట్టేవాళ్ళు లేరు గానీ
వలలు కుట్టే ఎర్మిందా ఉంది.
చిరుగు మీద బొటనవేలు ఆనించి
ఏ బండ కొరికిందో చెబుతుంది.
"ఇది ముసలమ్మ పన్ను" అంటుంది,
"ఇది సన్యాసి మోకాలు."
అక్కడికెవడు పొమ్మన్నాడని
పడవ కట్టేదాకా తిడుతుంది.
తిట్లకి విడిగా డబ్బు తీసుకోదు.

చెప్పనివి ఇంకా ఉన్నాయి.
బోర్డు మీద చోటు చాలక కాదు,
ఏ పేరుతో రాయాలో తెలీక.

వేలంపాట షెడ్డులో తూకం యంత్రం ఉంది చూడండి,
కొండదారి విరిగిపడిన ఏడాది
పట్నం ఆసుపత్రికి బస్సు లేదు,
మంత్రసాని త్రాసుకి తుప్పు పట్టింది.
ఆ చలికాలంలో పుట్టిన పిల్లల్ని
చేపలింకా ఒడ్డుకి రాని వేళ,
పళ్ళెం మూడుసార్లు మరిగే నీళ్ళతో కడిగి,
తన కొత్త చొక్కా పరిచి
ఎలాదియో తూచాడు.
పుస్తకంలో రాయని తూకం తూకమే కాదని ఆయన పట్టు.
అందుకే ఉంది, ఈ సొరుగులోనే,
జనవరి పంతొమ్మిది:
కవళ్ళు నూట పన్నెండు కిలోలు
కానాగంతలు నలభై
టేకు తొమ్మిది
ఇతరములు, మూడు కిలోల రెండువందల పది.
ధర గడిలో అడ్డగీత.

ఆ ఇతరములు నేను.

గీత ఎందుకని మా అమ్మ అడిగిందట.
"వేలానికి పెట్టని సరుకమ్మా" అన్నాడట.
ఇరవై రెండేళ్ళకి ఈ కుర్చీ కోసం దరఖాస్తు పట్టుకుపోతే
ఎలాదియో విప్పి కూడా చూడలేదు.
"నీ బరువు నాకు తెలుసు" అన్నాడు.

నిరుడు వేలం పెద్ద రేవుకి తరలిపోయింది.
సోమవారాలు ఆయన కర్ర పట్టుకుని వస్తాడు,
పళ్ళెంలో తన టోపీ పెట్టి
ముల్లు కదులుతుందో లేదో చూసుకుని
ఏమీ అనకుండా టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు.
టోపీ నూట అరవై గ్రాములు.
తడిసిన రోజు కాస్త ఎక్కువ.

ఇవేవీ రేడియోలో చెప్పలేదు.
"రండి, ఎడమ చేతి పచ్చ దీపాన్ని నమ్మకండి,
నా కిటికీని నమ్మండి" అన్నాను.

నాలుగింటికి తాడు విసిరాడు, అందుకున్నాను.
పొడుగు మనిషి, గడ్డం నిండా ఉప్పు,
ఊరు ఆర్హుస్ అని రాశాడు, పేరు థోర్కిల్.
పడవ పొడవు, జెండా, మనుషులెందరు,
అన్నీ వణికే అక్షరాలతో నింపి
చొక్కా బొత్తాం విప్పాడు.
లోపలినుంచి ఒక గోధుమరంగు పిల్లి
నన్ను, నా హీటర్ని వరసగా చూసింది.

దీన్ని ఏ గడిలో రాయాలన్నాడు.
తలెత్తకుండానే
చివరి గడి చూపించాను,
అద్దె దగ్గర అడ్డగీత గీశాను.

ఆయన చేతిలో ఒక యూరో పెట్టుకుని స్నానాలగదికి వెళ్ళాడు.
పిల్లి, నేను వింటూ కూర్చున్నాం.
సరిగ్గా నాలుగు నిమిషాలకి
గోడ అవతల
డేనిష్‌లో ఒక పెద్ద కేక.